కొండ కర్రకు చరిత్ర లేదా?

మన్యంలో కర్ర లేని ఇల్లు ఉండదు. పశువులు కాసే పిల్లవాడి చేతిలో కర్ర. సంతకు దిగే మనిషి భుజం మీద కావడి బద్ద. దుంపలు తవ్వే ఆడవాళ్ళ చేతిలో మొన చెక్కిన కర్ర. తుడుము, డప్పు మోగించే పుల్లలు. రాత్రిపూట పాము తగలకుండా ముందు నేలను తట్టుకుంటూ పోయే కర్ర. రోడ్డు లేని ఊరి నుంచి నిండు చూలాలిని ఆసుపత్రికి మోసే డోలీ కర్ర. చివరికి మనల్ని మోసుకుపోయేదీ కర్రలే.

ఇంతగా మన చేతిలో ఉన్న వస్తువు మన చరిత్ర పాఠంలో మాత్రం కనపడదు. పుస్తకంలో గిరిజనుడి బొమ్మ వేస్తే చేతికి విల్లంబు ఇస్తారు. కర్ర ఇచ్చినా అది పశువుల కాపరి బొమ్మ అవుతుంది. కర్ర ఒక విద్య అనీ, దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉందనీ, దాని వెనక పోరాటం ఉందనీ ఎక్కడా రాయరు.

ఈ వ్యాసం రాస్తున్న మేము చదువుల కోసం, పనుల కోసం కొండ దిగి విశాఖపట్నం చేరినవాళ్ళం. నగరంలో దసరాకో అమ్మవారి పండగకో ఊరేగింపు వస్తే ముందు డప్పులు, వెనక పులివేషాలు, ఆ వెనక కర్రసాము. కర్ర తిప్పే కుర్రాళ్ళ చుట్టూ జనం గుండ్రంగా నిలబడతారు. ఒకసారి మా పక్కన నిలబడ్డ ఇంటర్ పిల్లవాడు, మన వైపు వాడే, ఇలా అడిగాడు: "అన్నా, ఇది మన దగ్గర లేదా?"

మేము అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

సాము ఎలా చేస్తారు

ముందు మైదానంలో ఉన్న విద్య గురించి తెలుసుకుందాం. ఉత్తరాంధ్రలో దీన్ని కర్రసాము అంటారు. కత్తిసాము, ఇతర విన్యాసాలు అన్నీ కలిపి సాముగరిడీలు అంటారు. నేర్పే చోటు తాలింఖానా. ఇప్పుడు తాలింఖానాలు చాలావరకు తగ్గిపోయాయి గానీ ఒకప్పుడు విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో పేటపేటకూ ఉండేవి. మెత్తటి మట్టి నేల, గోడకు ఆంజనేయుడి పటం, మూలన నిలబెట్టిన కర్రలు, ఒక గురువు. మల్లయోధుడిగా దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చినవాడే. ఆ వీరఘట్టం ఇవాళ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

సాము కర్ర ఎంపికలోనే సగం విద్య ఉంది. ముదిరిన వెదురు కావాలి. లోపల బోలు తక్కువగా ఉండాలి, కణుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. కోసిన కర్రను నీడలో ఆరబెట్టి, సన్నటి సెగ మీద కాపి వంకర తీసి, నూనె పట్టిస్తారు. పొడవు పట్టేవాడి ఒంటిని బట్టి ఉంటుంది. చెవి దాకానో నుదురు దాకానో వచ్చే కర్ర సరిపోతుంది. ఈ మాటలు చదివే మన పెద్దవాళ్ళు నవ్వుకుంటారు. ఏ వెదురు ఎప్పుడు కోస్తే పురుగు పట్టదో, ఏది కావడికి ఆగుతుందో, ఏది విరుగుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నేర్చుకునేవాడు ముందు నేలకు మొక్కుతాడు, తర్వాత గురువుకు. మొదటి పాఠం కాళ్ళకు. కర్ర చేతికి ఇవ్వకుండానే ముందుకు, వెనక్కు, పక్కకు అడుగు వేయడం నేర్పుతారు. అడుగు తప్పితే ఎంత బలమైన చేయి ఉన్నా దెబ్బ తగులుతుంది. తర్వాత మణికట్టు. కర్రను ఒంటికి కుడివైపు, ఎడమవైపు, తల మీద, వీపు వెనక తిప్పడం. మెల్లగా మొదలుపెట్టి కర్ర కంటికి కనపడనంత వేగం వచ్చేదాకా తిప్పుతారు. అప్పుడు తిప్పేవాడి చుట్టూ ఒక గోడ కట్టినట్టు ఉంటుంది. నిమ్మకాయలో చిన్న రాళ్ళో విసిరినా లోపలికి రావు. అది వచ్చాక ఎదుటివాడితో సాము. తల, భుజం, నడుము, మోకాలు, వీటిలో దేనికి దెబ్బ వస్తుందో ఎదుటివాడి భుజం కదలికను బట్టి పసిగట్టి అడ్డుకోవాలి. జంట కర్రలు, చివరలకు దివిటీలు కట్టి తిప్పడం ఆఖరి మెట్టు. ఊరేగింపులో జనం చూసేది ఈ ఆఖరి మెట్టునే. కింది మెట్లు తాలింఖానా గోడల మధ్యే ఉంటాయి.

ఒక మాట చెప్పి ముందుకు పోదాం. కర్రసాము అంటే తలలు పగలగొట్టుకోవడం అనుకునేవాళ్ళు ఉన్నారు. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరంలో ఏటా ఎందరో గాయపడతారు. అది వేరే సంగతి. సాము నేర్పే గురువు మొదట నేర్పేది దెబ్బను ఆపడం.

రేవుకు వచ్చే ఓడలవాళ్ళ విద్య

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. బైలడిల్లా ఇనుప ఖనిజం 1960ల నుంచి మన అరకు లోయ మీదుగా, బొర్రా సొరంగాల గుండా రైలెక్కి విశాఖ రేవుకు చేరుతోంది. 1933లో మొదలైన ఆ రేవుకు ఖనిజం కోసం, బొగ్గు కోసం దేశదేశాల ఓడలు వస్తాయి. ప్రపంచంలో చాలా సరకు ఓడల్లో ఫిలిప్పీన్స్ నావికులు కనపడతారు. ఓడ పనికి అంత ఎక్కువమందిని పంపే దేశాలు తక్కువ. ఆ నావికుల దేశంలో కర్రకు దక్కిన గౌరవం మనం తెలుసుకోదగినది.

వాళ్ళ కర్ర విద్యకు మూడు పేర్లు ఉన్నాయి: ఆర్నిస్, ఎస్క్రిమా, కాలి. మొదటి రెండూ వాళ్ళను మూడు వందల ఏళ్ళకు పైగా ఏలిన స్పెయిన్ భాష నుంచి వచ్చిన మాటలు. వాళ్ళ కర్ర పొట్టిది, సుమారు 28 అంగుళాలు. వెదురు కాకుండా ఎక్కువగా పేము వాడతారు. మన బడిలో పంతుళ్ళు పట్టుకునే బెత్తం జాతే. పేము చీలదు, దెబ్బకు పీచు లేస్తుంది గానీ ముక్కలు కాదు. ఒక కర్రతో ఆడేది ఒక పద్ధతి, రెండు కర్రలతో ఆడేది ఇంకొకటి, ఒక చేత కత్తి మరో చేత బాకు పట్టి ఆడేది మరొకటి. మిగతా చాలా యుద్ధవిద్యల్లో ముందు వట్టి చేతులు, తర్వాత ఆయుధం. వీళ్ళు ముందే కర్ర చేతికిస్తారు. కర్రతో నేర్చిన కదలికే తర్వాత వట్టి చేతికి వస్తుంది. చాలా బడుల్లో ఒంటిని కోణాలుగా విడదీసి పన్నెండు దెబ్బలు, వాటికి పన్నెండు అడ్డులు నేర్పుతారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకడు కొడితే రెండోవాడు ఆపి తిరిగి కొడతాడు, మొదటివాడు దాన్ని ఆపుతాడు. తాళం తప్పకుండా సాగే ఆ శబ్దం మన కోలాటం లాగానే ఉంటుంది.

జంట కర్రల ఆటకు వాళ్ళు పెట్టుకున్న పేరు సినవాలి. సవాలి అంటే వెదురు బద్దలతో అల్లిన తడక. అక్కడి పల్లెల్లో ఇళ్ళ గోడలు ఆ తడకలే. రెండు కర్రలు ఒకదాని మీంచి ఒకటి పోయే తీరు తడక అల్లినట్టు ఉంటుందని ఆ పేరు. తడక అల్లిన చేతులే తమ విద్యకు పేరు పెట్టుకున్నాయి. ఇది చదివినప్పుడు మాకు మన ఇళ్ళ తడకలూ, బుట్టలల్లే ఎరుకల అమ్మల చేతులూ గుర్తొచ్చాయి.

1521 ఏప్రిల్ 27న మక్తాన్ అనే దీవిలో లాపులాపు అనే నాయకుడి మనుషులు స్పెయిన్ తరఫున వచ్చిన మాగెల్లాన్‌ను చంపారు. ఆ ఓడల్లో వచ్చిన పిగఫెట్టా అనే ఇటలీవాడు ఆ పోరు గురించి రాశాడు. ఇనప కవచాలు, తుపాకులు ఉన్నవాళ్ళ మీదికి దీవి మనుషులు వెదురు బల్లేలు, మంటలో కాల్చి గట్టిపరిచిన మొనకర్రలు విసిరారని అందులో ఉంది. తర్వాత స్పెయిన్ పాలన స్థిరపడింది. ఆ కాలంలో ఈ విద్యను వీధినాటకాల్లో యుద్ధ ఘట్టాల పేరుతో దాచి కాపాడుకున్నారని అక్కడి గురువులు చెబుతారు. 1932లో సెబూ నగరంలో దోసె పారెస్ అనే సంఘం పెట్టి బహిరంగంగా నేర్పడం మొదలుపెట్టారు. 2009 డిసెంబరులో వాళ్ళ ప్రభుత్వం 9850వ నంబరు చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. దేశమంతటి బడుల పిల్లలు పాల్గొనే వార్షిక క్రీడల్లో మొదటి పోటీ ఇదే కావాలని ఆ చట్టంలో రాశారు.

మొనకర్ర నుంచి బడి ఆట దాకా వాళ్ళ కర్ర ప్రయాణం కాగితం మీద ఉంది. మన కర్ర ప్రయాణం ఎక్కడ ఆగింది?

ఆయుధాల పట్టికలో లేనిది

1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. ఆయుధం అంటే ఏమిటో అందులో పట్టిక ఇచ్చింది. తుపాకులు, కత్తులు, బాకులు, బల్లేలతో పాటు విల్లంబులు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. అంటే వేటకు పోయే మనిషి భుజాన ఉన్న విల్లు కాగితం మీద సర్కారు అనుమతి కావలసిన వస్తువు అయింది. ఆ పట్టికలో కర్ర పేరు లేదు.

నాలుగేళ్ళ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈసారి కర్ర వంతు. రిజర్వు అడవి అని గీత గీసిన చోట చెట్టు నరకడం, పోడు కొట్టడం, వెదురు కోయడం అన్నీ అనుమతికి లోబడ్డాయి. చేతిలో కర్ర ఉంటే నేరం లేదు, దాన్ని కోస్తే నేరం. ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ తర్వాత మన కొండల్లో జరిగినవి అర్థమవుతాయి. ఈ రెండిటి మధ్యే 1879లో చిగురుకల్లు పన్నుకూ, పోలీసుల దౌర్జన్యానికీ ఎదురుతిరిగి రంపలో పితూరీ లేచింది.

1900, కొర్రవానివలస

ఇక మన పాఠాల్లో కనపడని ఘటన దగ్గరికి వద్దాం. పాచిపెంట దగ్గర కొర్రవానివలస అనే ఊరు. అప్పుడది విశాఖపట్నం జిల్లా. అక్కడ కొర్ర మల్లయ్య అనే కొండదొర ఉండేవాడు. తాను పాండవుల్లో ఒకడిననీ, తన పసికొడుకు కృష్ణుడనీ, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి రాజ్యం ఏలుతాననీ చెప్పాడు. వేలమంది అతని దగ్గర చేరారు. వెదురు కర్రలు కోసి తుపాకుల ఆకారంలో చెక్కుకున్నారు. సమయం వచ్చినప్పుడు ఆ కర్రలు నిజం తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీరైపోతాయనీ నమ్మారు. మల్లయ్య వాళ్ళకు ఆ కర్రలతో కవాతు నేర్పాడు.

1900 మే 1న సంగతి చూడటానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళను ఆ గుంపు కొట్టి చంపింది. దీన్ని దాచకూడదు. ఆ ఇద్దరూ ఎవరి బిడ్డలో. మే 7న తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్నం, పార్వతీపురం, జైపూర్‌ల నుంచి రప్పించిన రిజర్వు పోలీసులతో ఆ విడిది మీద పడ్డాడు. కాల్పుల్లో 11 మంది చనిపోయారు. 60 మంది మీద అల్లరి కేసు పెట్టారు. హత్య కేసులో ముగ్గురిని విచారించారు. వారిలో మల్లయ్య జైల్లో చనిపోయాడు, మిగతా ఇద్దరినీ ఉరితీశారు. పసికొడుకు కూడా బతకలేదు. ఈ కథంతా 1907లో ఫ్రాన్సిస్ అనే అధికారి రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటియర్‌లో ఉంది. ఆ కథనంలో కాల్పుల్లో పోయిన 11 మంది పేర్లు లేవు.

గెజెటియర్ చూపులో వీళ్ళు పిచ్చి నమ్మకం పట్టిన జనం. చదివినవాళ్ళు కూడా వెదురు తుపాకులు అనగానే నవ్వుతారు. మనం నవ్వే ముందు మూడు సంగతులు గమనించాలి.

ఒకటి, ఆ నమ్మకం మన కొండలకే పరిమితం కాదు. అదే 1900 జనవరిలో ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా మనుషులు తుపాకుల ముందు విల్లంబులతో నిలబడ్డారు. జూన్ 9న బిర్సా రాంచీ జైల్లో చనిపోయాడు. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద లేచిన తెగలు కూడా శత్రువు తూటాలు నీళ్ళైపోతాయనే నమ్మాయి. ఎదుటివాడి చేతిలో తుపాకి, మన చేతిలో కట్టె ఉన్నప్పుడు మధ్యలో ఉన్న ఖాళీని నమ్మకంతో పూడ్చుకున్నవాళ్ళు లోకమంతా ఉన్నారు.

రెండు, వాళ్ళు మాయ జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కర్ర చెక్కారు, వరసలో నిలబడ్డారు, కవాతు నేర్చారు. పోలీసులు ఏ పద్ధతిలో బలవంతులయ్యారో చూసి ఆ పద్ధతిని పట్టుకున్నారు.

మూడు, వెదురే ఎందుకు? పట్టికలో లేనిది అదే. దాన్ని కోసే హక్కు కూడా ప్రశ్నగా మారుతున్న రోజుల్లో వాళ్ళు దాన్నే కోసి ఎత్తి పట్టుకున్నారు.

ఇరవై రెండేళ్ళ తర్వాత మన్యం తన పాఠం మార్చుకుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లుదొర మొదలైనవాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయారు. కర్ర తుపాకి కాదని 1900 నేర్పింది, కాబట్టి తుపాకి ఉన్న చోటికే పోయారు. సీతారామరాజును చంపిన రోజు కూడా మే 7, సంవత్సరం 1924. ఆ తేదీన మనం సీతారామరాజు విగ్రహానికి దండ వేస్తాం. అదే తేదీన కొర్రవానివలసలో పోయిన పేరులేని పదకొండు మందినీ తలుచుకోవాలని మా కోరిక.

కర్ర ఎవరిది

స్వాతంత్ర్యం వచ్చాక కూడా కర్ర తగువు తీరలేదు. వెదురు నిజానికి గడ్డి జాతి మొక్క. అయినా 1927 అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో పెట్టింది. కావడి బద్దకు వెదురు కోసినందుకు గార్డుకు జవాబు చెప్పుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. అదే వెదురు పోలీసు చేతికి లాఠీగా వెళితే దాన్ని ఎవరూ అడగలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించే హక్కు అడవి బిడ్డలకు ఇచ్చింది. 2017లో 1927 చట్టాన్ని సవరించి చెట్టు అనే నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. ఒక గడ్డిపోచను గడ్డి అని ఒప్పుకోవడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

అందుకే కర్ర చరిత్ర అంటే మాకు దెబ్బల చరిత్ర ఒక్కటే కాదు. అడవి మీద మన హక్కు ఎప్పుడెప్పుడు తగ్గిందో, ఎప్పుడు కొంత తిరిగి వచ్చిందో కొలిచే కోల అది.

మనం చేయవలసింది

పక్కనున్న తమిళనాడు తన సిలంబాన్ని 2024 జనవరిలో చెన్నై, మరికొన్ని నగరాల్లో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో ప్రదర్శన క్రీడగా నిలబెట్టింది. మన కర్రసాము ఇంకా ఊరేగింపు దగ్గరే ఉంది. కొండ కర్ర ఊరేగింపులో కూడా లేదు.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఆడపిల్లలకు ఆత్మరక్షణ కోసం కరాటే నేర్పుతున్నారు, మంచిదే. దానితో పాటు కర్ర కూడా పట్టించండి. ఖర్చు లేదు, చాప అక్కర్లేదు, కర్ర పిల్లల ఇంటి దగ్గరే దొరుకుతుంది. మైదానంలో మిగిలిన సాము గురువులను వారం రోజులకు పిలిపించండి. తలకు, ముఖానికి రక్షణ లేకుండా ఎదురెదురు సాము మాత్రం చేయించకండి. థింసాలో ఒకరి నడుము ఒకరు పట్టుకుని అడుగు కలిపిన పిల్లలకు కాళ్ళ పాఠం తొందరగా వస్తుందని మా నమ్మకం.

యువతకు చెప్పేది ఇంకొకటి. ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర ప్రతి దెబ్బకూ పేరుంది, ప్రతి అడుగుకూ పేరుంది. పేరున్నది పోదు. మన ఊళ్ళో ఏ కర్రను ఏమంటారో కువి, కుబి, సవర, గదబ, ఆదివాసీ ఒడియా, తెలుగు, ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాయండి. అడవిపంది ఎదురైతే కర్ర ఎలా పట్టాలి, ఎలుగుబంటి వస్తే ఏం చేయాలి, వాగు దాటేటప్పుడు ఎక్కడ ఆనించాలి, డోలీ మోసే నలుగురూ భుజం ఎలా మార్చుకుంటారు, ఇవన్నీ అడగండి. ఫోనులో రికార్డు చేసి, చెప్పినవాళ్ళ పేరు, ఊరి పేరు, తేదీ కాగితం మీద పెట్టండి. కొర్రవానివలస పదకొండు మందికి జరిగినట్టు ఇంకెవరికీ జరగకూడదు.

ఆ ఇంటర్ తమ్ముడికి ఇప్పుడు జవాబు చెబుతున్నాం. మన దగ్గర కూడా ఉంది తమ్ముడూ. మన దగ్గర దాన్ని పని అన్నారు గానీ విద్య అనలేదు, అందుకే నీకు కనపడలేదు. ఈసారి పండక్కి ఇంటికి పోయినప్పుడు మూలనున్న కర్రను చేతిలోకి తీసుకో. అది ఏ కొండ మీదిదో, ఎవరు కోశారో, ఎందుకు ఆ పొడవే ఉంచారో మీ తాతను అడుగు. ఆయన చెప్పింది రాసుకుని మాకు పంపు.